నలభై రూపాయలకు గంట... లక్షలకు నాలుగు నిమిషాలు!

మా పొదుపు సంఘం మీటింగులో ఆ రోజు నలభై రూపాయలు తక్కువ వచ్చాయి.

మా వదిన వాళ్ల ఇంటి అరుగు మీద పదిమందిమి కూర్చున్నాం. మాది బీడీలు చుట్టే ఊరు. సగంమంది ఒళ్లో చేటలు అలాగే ఉన్నాయి. చేతులు తునికాకు కత్తిరిస్తుంటే చెవులు లెక్క మీద ఉన్నాయి. పొదుపు డబ్బులు, అప్పుల కిస్తీలు, వడ్డీలు అన్నీ కలిపి చూస్తే పుస్తకంలో ఉన్నదానికీ చేతిలో ఉన్నదానికీ నలభై రూపాయల తేడా. పుస్తకం రాసేది నేనే. "నలభై రూపాయలే కదా, నేనేస్తాను, పొద్దుపోతోంది" అన్నాను. సంఘంలో అందరికంటే పెద్దావిడ ఒప్పుకోలేదు.

"నువ్వెందుకేస్తవ్ బిడ్డా? ఇయ్యాల నలభై నువ్వేస్తవ్. రేపు నాలుగొందలు తక్కువైతే ఎవరెయ్యాలె? లెక్క ఏడ తప్పిందో దేవులాడు" అంది.

దేవులాడాం. గంట పట్టింది. ఒకామె కట్టిన వడ్డీ పుస్తకంలో రెండుసార్లు ఎక్కింది. తప్పు నాదే. ఒకటి కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్లీ మొదటినుంచి చదివి వినిపించాక గానీ ఎవరూ చేటలెత్తుకుని లేవలేదు.

తర్వాతి వారం గ్రామసభ. 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికల తర్వాత మా ఊళ్లో కొత్త పాలకవర్గం వచ్చింది. సర్పంచి మహిళే. బడి ఆవరణలో టెంటు వేశారు. కార్యదర్శి లేచి రాబడి, ఖర్చులు చదివారు. పారిశుధ్యం ఇంత, వీధి దీపాలు ఇంత, తాగునీటి నిర్వహణ ఇంత, ఇతరములు ఇంత. అన్నీ లక్షల్లో. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. "అందరికీ సమ్మతమేనా?" అన్నారు. ఎవరో ముందు వరుసలోంచి "సమ్మతమే" అన్నారు. సంతకాల రిజిస్టరు చేతులు మారుతూ వెనక కూర్చున్న ఆడవాళ్ల దాకా వచ్చింది. సంతకం వచ్చినవాళ్లం సంతకం పెట్టాం. రానివాళ్లు వేలిముద్ర వేశారు.

ఇంటికి వస్తూ వదినతో అన్నాను, "మన బోరు మోటరు సంగతి ఎందుకడగలేదు వదినే?" అని.

"నువ్వెందుకడగలే?" అంది వదిన.

నా దగ్గర జవాబు లేదు. నలభై రూపాయలకు గంటసేపు కూర్చున్న పదిమందిమీ ఆ సభలో ఉన్నాం. లక్షల లెక్కకు నాలుగు నిమిషాల్లో వేలిముద్ర వేసి వచ్చాం. ఎందుకిలా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దానికి దొరికిన జవాబులే ఈ వ్యాసం.

తాడ్వాయి అనగానే చాలామంది మేడారం జాతర దారిలోని తాడ్వాయి అనుకుంటారు. అది ములుగు జిల్లాలో ఉంది. మాది కామారెడ్డి జిల్లా తాడ్వాయి మండలం, ఎల్లారెడ్డి నియోజకవర్గం. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేవాళ్లం. మా ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే ఇది మా ఊరి తగాదా అయిపోతుంది. నేను చెప్పేది తెలంగాణలోని 12 వేలకు పైగా పంచాయతీల్లో ఎక్కడైనా జరిగే సంగతి.

చట్టం అడగమనే అంటోంది

అడిగే హక్కు లేక ఊరుకున్నామా అంటే, అదేం కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది అప్పుడే. పంచాయతీ లెక్కలకు ఆడిట్ జరిగే ఏర్పాటు ఉండాలని చెప్పింది కూడా ఆ సవరణే. మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఏటా లెక్కల పట్టికనూ ఆడిట్ నివేదికనూ గ్రామసభ ముందు పెట్టాలని అందులో రాశారు. తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన 2018 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాల్సిందే అంది. అంటే ఏడాదికి ఆరుసార్లు.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఎవరూ అడక్కముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన బడ్జెట్‌ను తానే బయట పెట్టాలని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. బయట పెట్టకపోతే దరఖాస్తు పెట్టి అడగొచ్చు. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

చట్టాలు ఇన్ని ఉన్నాయి. అయినా లెక్క తెరుచుకోవడం లేదంటే అందుకు వేరే కారణాలు ఉండాలి. నాకు కనిపించినవి ఒక్కొక్కటే చెబుతాను.

ఎవరి పైసలు?

సంఘం డబ్బు మా చేతులు వేసిన డబ్బు. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలిలోంచి తీసి వేసింది. అందుకే నలభై రూపాయలైనా కడుపులో దేవినట్టవుతుంది. పంచాయతీ డబ్బు అలా అనిపించదు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజులు, అంగడి వేలం వంటివి ఊరి సొంత రాబడి. మిగతాది పైనుంచి వస్తుంది. రాష్ట్రం ఇచ్చేది కొంత, కేంద్ర ఆర్థిక సంఘం ఇచ్చేది కొంత. పైనుంచి వచ్చిన డబ్బును మనం గుళ్లో ప్రసాదంలా చూస్తాం. పెట్టినంత తీసుకుంటాం తప్ప, ఎంత వండారని అడగం కదా!

స్థానిక సంస్థలు సొంత పన్నుల మీద నడిచే చోట ప్రజలు లెక్క గట్టిగా అడుగుతారని, గ్రాంట్ల మీద నడిచే చోట అంతగా అడగరని ఆర్థికవేత్తలు చాలాకాలంగా అంటున్నారు. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి పేరు మీరు వినే ఉంటారు. ఇంటి పన్ను నూటికి నూరు శాతం కట్టే ఊరిగా, ప్రతి పనికీ ఊరివాళ్లతోనే కమిటీ వేసుకునే ఊరిగా దానికి పేరు వచ్చింది. ఈ రెండూ కలిసి రావడం కాకతాళీయం కాదు. కట్టినవాడు అడుగుతాడు. అడిగితే జవాబు దొరికిన చోట మళ్లీ కట్టబుద్ధవుతుంది.

అయినా పైనుంచి వచ్చే డబ్బు మాత్రం ఎవరిది? సబ్బు కొన్నా చెప్పులు కొన్నా పన్ను కడుతున్నాం. మేం చుట్టే బీడీ కట్ట మీదా పన్ను ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసింది 2,36,805 కోట్ల రూపాయలు. అందులో నూటికి 60 రూపాయలు ముందే ముడివేసి ఇచ్చింది: 30 తాగునీటికి, 30 పారిశుధ్యానికి. బిందె మోసేది, మోరీ పక్కన గిన్నెలు తోమేది ఎవరు? ఆ అరవై రూపాయల మంచిచెడ్డలు మొదట తగిలేది మనకే. అడగకుండా ఊరుకుంటున్నదీ మనమే.

ఒక ఊరు, రెండు ఖజానాలు

మా నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతం సంగతి తెలియనివాళ్లకు ఒక ముచ్చట చెప్పాలి. ఇక్కడ చాలా ఊళ్లలో పంచాయతీతో పాటు గ్రామాభివృద్ధి కమిటీ ఒకటి ఉంటుంది. అందరూ వీడీసీ అంటారు. కులాలవారీగా పెద్దమనుషులు కూర్చుంటారు. పంచాయతీరాజ్ చట్టంలో దీనికి చోటు లేదు. కానీ గుడి పనులు, పండుగలు, ఊరి కట్టుబాట్లు చాలాచోట్ల దాని చేతిలోనే ఉంటాయి. కొన్ని ఊళ్లలో బెల్టు షాపుకు, ఇసుకకు, కోడిమాంసం దుకాణానికి వేలం పాట పెట్టేదీ అదే. మాట కాదన్న కుటుంబాలకు జరిమానాలు, సాంఘిక బహిష్కరణ వేసిన సంఘటనలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. పోలీసు కేసులూ అయ్యాయి.

దీన్ని మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. ఇందులో ఒక పాఠం ఉంది. వేలం పాట ఎంతకు పోయిందని ఇలాంటి ఊళ్లో ఏ మగవాణ్ని అడిగినా ఠక్కున చెబుతాడు. అదే పంచాయతీకి ఈ ఏడు ఎంత వచ్చిందంటే తెల్లమొహం వేస్తాడు. వేలం పాట నలుగురి ముందు జరుగుతుంది, గట్టిగా పాడతారు, అందరికీ తెలిసిన మాటల్లో జరుగుతుంది. పంచాయతీ లెక్క కాగితంలో పుట్టి కాగితంలోనే పోతుంది.

కానీ వీడీసీ లెక్కకు ఆడిట్ లేదు, ఓటు లేదు, దాన్ని అడిగే చట్టమూ లేదు. ఆ పెద్దమనుషుల్లో ఆడవాళ్లు దాదాపు కనిపించరు. బెల్టు షాపు వేలం డబ్బుతో ఏ మంచిపని చేసినా, ఆ డబ్బు చివరికి వచ్చేది మా చేటల్లోంచే. పగలంతా బీడీలు చుట్టి తెచ్చిన కూలి రాత్రికి అక్కడికే చేరుతుంది. దాని లెక్క మాకెవరూ చదివి వినిపించరు. చట్టం ఉన్న పంచాయతీలో లెక్క వినబడదు. లెక్క వినబడే కమిటీలో మనం లేం. రెండు ఖజానాల మధ్య ఆడవాళ్లం ఇలా మిగిలిపోయాం.

సర్పంచమ్మకే తెలియని లెక్క

ఇంకో కారణం నాకు ఆలస్యంగా అర్థమైంది. లెక్క చెప్పాల్సినవాళ్లకే లెక్క తెలియకపోవచ్చు.

బడ్జెట్ అంటే ఈ ఏడు ఇంత వస్తుంది, ఇంత ఖర్చు పెడతాం అని రాసుకునే అంచనా. మన ఇంట్లో పంట రాకముందే పెళ్లి ఖర్చు లెక్కేసుకున్నట్టు. అసలు డబ్బు చేతికొచ్చేది పైనుంచి విడుదలై, బిల్లు ట్రెజరీలో పాసయ్యాక. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలైనప్పుడు ఊరూరా ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం వచ్చాయి. చాలామంది సర్పంచులు ముందు అప్పులు తెచ్చి పనులు చేయించారు. బిల్లులు మాత్రం ఆగిపోయాయి. 2024లో పదవీకాలం ముగిశాక మాజీ సర్పంచులు పెండింగు బిల్లుల కోసం రోడ్డెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తన సొంత డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని సర్పంచి ఊరి డబ్బు సంగతి గ్రామసభలో ఏం చెప్పగలదు?

తర్వాత దాదాపు రెండేళ్లు ఎన్నికల్లేవు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. మండల స్థాయి అధికారులకు తమ సొంత పనులతో పాటు ఊళ్లనూ అప్పగించారు. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావాలంటే రెండు ముఖ్యమైన షరతులున్నాయి. ఊళ్లో ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. లెక్కలు, ఆడిట్ నివేదికలు ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ఎన్నికలే జరగలేదు కాబట్టి మొదటి షరతు దగ్గరే ఆ నిధులు ఆగిపోయాయి.

సరిగ్గా ఆ సమయంలోనే మా జిల్లాను వాన ముంచేసింది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన మా తరం ఎరగనిది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్ల పైనే కురిసింది. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి ఆగిపోయింది. మా ఊళ్లో భగీరథ నీళ్లు బందయ్యాయి. పాత బోరే దిక్కయింది. వారం తిరగకుండానే దాని మోటరు కాలిపోయింది. పందొమ్మిది రోజులు మా వాడకట్టు ఆడవాళ్లం పొలాల దగ్గరి బోర్ల నుంచి బిందెలు మోశాం. ఎవరిని అడిగినా "ఫండ్ లేదమ్మా" అన్నారు. అప్పుడు సర్పంచి లేడు. ప్రత్యేకాధికారి చేతిలో ఇంకా కొన్ని ఊళ్లున్నాయి. అందుబాటులో ఉన్నది కార్యదర్శి ఒక్కరే.

ఆ కార్యదర్శి ఉద్యోగం సంగతీ తెలుసుకోవాలి. 2018 దాకా ఒక్కో కార్యదర్శికి రెండు మూడు ఊళ్లుండేవి. ఆ ఏడు 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ వేశారు. ఊరికొకరు రావడం మంచిదే. కానీ చెత్త బండి ఫోటో నుంచి చనిపోయినవారి నమోదు దాకా అన్నీ ఆ ఒక్కరి నెత్తినే పడ్డాయి. ఉద్యోగం పర్మినెంట్ చేయాలని 2023లో వాళ్లు సమ్మెకూ దిగారు. ఇన్ని పనుల మధ్య గ్రామసభ లెక్క నాలుగు నిమిషాల్లో అయిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

గోడ మీద అంకెలు, ఫోన్‌లో అంకెలు

"ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి కదా!" అంటారు చదువుకున్నవాళ్లు. ఉన్నాయి. కేంద్రం 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ తెచ్చింది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ముఖ్యంగా ఆర్థిక సంఘం నిధులు ఎన్ని వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి అన్నది ఫోన్‌లోనే చూడొచ్చు. మా అమ్మాయి చూపించింది. మంచి ఏర్పాటే. కానీ ఖాతాల పేర్లు ఇంగ్లీషులో, పనుల పేర్లు పొట్టి అక్షరాల్లో ఉన్నాయి. డిగ్రీ చదివిన పిల్లకే సగం అర్థమైంది. ఇక మా పెద్దావిడకు ఏం అర్థమవుతుంది?

ఆఫ్రికాలోని ఉగాండాలో జరిగిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1990ల మొదట్లో అక్కడి బడులకు ప్రభుత్వం పంపే గ్రాంటులో సగటున నూటికి 13 రూపాయలే బడికి చేరుతున్నాయని ఒక సర్వేలో తేలింది. తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో ప్రభుత్వం పత్రికల్లో వేయించింది, బడి గోడ మీదా రాయించింది. 2001 నాటికి నూటికి 80 దాకా చేరడం మొదలైంది. లెక్క బయట పెడితే చాలు దొంగతనం ఆగుతుందని అందరూ ఈ కథ చెబుతారు. కానీ పత్రికల్లో వేయడం ఒక్కటే దానికి కారణం కాదని, అదే సమయంలో పైనుంచి తనిఖీలు, ఇతర మార్పులు కూడా వచ్చాయని తర్వాత పరిశీలించినవారు అన్నారు. అంకె కనబడడం మొదటి మెట్టే. దాన్ని చదివేవాళ్లు, అడిగేవాళ్లు, అడిగితే జవాబు చెప్పి తీరాల్సినవాళ్లు కూడా ఉండాలి.

బిగ్గరగా చదివితేనే లెక్క

మన దేశంలో ఈ సంగతి మొదట గట్టిగా రుజువు చేసింది రాజస్థాన్ పల్లెజనం. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో ప్రజావిచారణ పెట్టింది. పంచాయతీ పనుల బిల్లులు, కూలీల మస్టర్లు ఊరి మధ్యలో గట్టిగా చదివారు. అప్పుడుగానీ పని చేయనివాళ్ల పేర్లున్నాయని, కట్టని గోడలకు బిల్లులున్నాయని ఊరికి తెలియలేదు. కాగితం ఆఫీసులో ఉన్నంతకాలం అదొక కాగితం. ఊరు విన్నప్పుడే అది లెక్క అయింది. ఆ ఉద్యమంలోని సుశీల అనే పల్లెటూరి మహిళ ఢిల్లీలో విలేకరులకు చెప్పిన మాటను అరుణా రాయ్ చాలాసార్లు గుర్తు చేశారు. కొడుక్కి పది రూపాయలిచ్చి బజారుకు పంపితే రాగానే లెక్క అడుగుతాను, మా పేరున కోట్లు ఖర్చు పెట్టే ప్రభుత్వాన్ని అడగవద్దా అన్నదామె. నాలుగో తరగతి చదువు ఆమెది.

మనకూ ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. కూలీల ఇళ్లలోని పిల్లలే శిక్షణ తీసుకుని ఇంటింటికీ వెళ్లి మస్టర్లు చదివారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే జవాబులు అడిగారు. ఆ పద్ధతి ఎక్కువగా పథకాల దగ్గరే ఆగిపోయింది. పంచాయతీ మొత్తం బడ్జెట్‌కు అదే అలవాటు వచ్చి ఉంటే మా నాలుగు నిమిషాలు నలభై నిమిషాలయ్యేవి.

కుర్చీలో ఆమె, కాగితం ఆయన దగ్గర

చివరి కారణం మన ఇళ్లలోనే ఉంది. రాజ్యాంగం మూడోవంతు సీట్లిచ్చింది. మన రాష్ట్రంలో 2011లో సగం చేశారు. కుర్చీ వచ్చింది. కాగితం మాత్రం చాలాచోట్ల భర్త దగ్గరే ఉండిపోయింది. ఈ సమస్య మీదే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక సలహా కమిటీ వేసిందంటే సంగతి ఎంత దూరం పోయిందో ఊహించండి. సంతకం తనది, లెక్క తనకు తెలియదు. రేపు ఆడిట్‌లో తప్పు పడితే రికవరీ నోటీసు వచ్చేది మాత్రం ఆమె పేరుకే.

అయితే కుర్చీ వృథా కాలేదు. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. మహిళలు సర్పంచులైన చోట తాగునీటి పనుల మీద ఎక్కువ పెట్టుబడి పెట్టారని తేలింది. మన కర్నూలు జిల్లా కాల్వ గ్రామ సర్పంచి ఫాతిమాబీ కథ ఇంకా దగ్గరిది. పొదుపు సంఘాల బలంతో ఊరి పనులు చేపట్టి 1998లో ఐక్యరాజ్యసమితి పురస్కారం అందుకుంది. సంఘంలో లెక్క నేర్చిన ఆడవాళ్లు పంచాయతీలో కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు?

మళ్లీ మా మోటరు

రెండు నెలల తర్వాత మళ్లీ గ్రామసభ. ఈసారి మా పదిమందిమీ ముందే వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాం. కార్యదర్శి తాగునీటి నిర్వహణ పద్దు చదవగానే పెద్దావిడ లేచింది.

"సారూ, జర ఆగుండ్రి. మా బోరు మోటరు పందొమ్మిది దినాలు కాలిపోయి ఉండె. ఫండ్ లేదన్నరు. గిండ్ల మోటరు రిపేరుకు పైసలు రాసిన్రు. గవి ఎటు పోయినయ్?"

టెంటు కింద చప్పుడు లేదు. నిజం చెప్పాలంటే కార్యదర్శి ఆ డబ్బు తిన్నారని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఆయన పుస్తకం తిరగేసి చెప్పారు. ఆ పద్దు అంతకుముందు ఎండాకాలంలో చేయించిన రిపేరుది. బిల్లు ఏడాది ఆలస్యంగా పాసయింది. మా మోటరుకు ఇప్పటిదాకా పైసా రాలేదు. కామారెడ్డిలో మెకానిక్ దగ్గర ఉద్దెర పెట్టి చేయించారు. ఆ ఉద్దెర ఇంకా ఆయన పేరునే ఉంది. చీటీ తీసి చూపించారు.

"అడిగితే చెప్పేటోణ్ని గదమ్మా" అన్నారు.

"చెప్తే అనుమానపడకపోయేటోళ్లం గద సారూ" అంది పెద్దావిడ.

సర్పంచమ్మ నవ్వింది. తర్వాత తనే పుస్తకం తన ముందుకు జరుపుకుని, "ఇతరములు అంటే ఏమేమున్నయో నాక్కూడా చెప్పుండ్రి" అని కార్యదర్శిని అడిగింది. ఆయన దగ్గర ఆ రోజు వివరం లేదు. వచ్చే సభకు విడివిడిగా రాసి తేవాలని మినిట్స్ పుస్తకంలో రాయించాం. రాసింది చదివించుకుని విన్నాకే సంతకాలు పెట్టాం. ఇతరములులో ఏముందో నాకింకా తెలియదు. వచ్చే సభలో తెలియాలి.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. మూసిన లెక్క దొంగను దాచిపెడుతుంది, నిజాయితీపరుణ్నీ దొంగను చేస్తుంది. రెంటినీ విడదీసేది నలుగురి ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే.

మీ ఊళ్లో ఏం అడగాలి?

మొదటిది: ఈ ఏడు ఎంత వస్తుందని రాసుకున్నారు, నిజంగా చేతికి ఎంత వచ్చింది? ఈ రెండు అంకెలూ పక్కపక్కన చదవమనండి.

రెండోది: నీళ్లకు, పారిశుధ్యానికి అని ముడివేసి వచ్చిన డబ్బు ఎంత? ఏ వాడకట్టులో, ఏ పనికి ఖర్చయింది?

మూడోది: చేసిన పనులకు ఇంకా కట్టాల్సిన బిల్లులెన్ని? ఎవరెవరికి?

నాలుగోది: ఇతరములు అంటే ఏమిటి? ఆ ఒక్క మాట కింద ఉన్న పద్దులన్నీ విడివిడిగా చదవమనండి.

ఐదోది: కిందటి ఆడిట్‌లో ఏం తప్పులు చూపారు? వాటికి ఏం జవాబిచ్చారు?

ఒంటరిగా వెళ్లకండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, పదిమంది అడిగితే సభ అంటారు. సంఘం మీటింగులోనే ప్రశ్నలు రాసుకుని, ఎవరు ఏది అడగాలో పంచుకోండి. జవాబు నోటితో వస్తే చాలదు, మినిట్స్‌లో రాయించండి. సభలో జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. ఊళ్లో దానికి ఫీజు కూడా లేదు.

లెక్కలు మనకేం అర్థమవుతాయిలే అనుకునే అక్కలకు ఒక్క మాట. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి అని చీకట్లో కూడా తప్పకుండా లెక్కపెట్టే చేతులు మనవి. నలభై రూపాయల తేడాను గంటలో పట్టుకున్న కళ్లు మనవి. మనకు రానిది లెక్క కాదు. ఆ లెక్క మనదేనన్న ధైర్యం రాలేదు, అంతే.

వచ్చే గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. చేట పక్కన పెట్టి వెళ్లండి. కాదు, చేట పట్టుకునే వెళ్లండి. లెక్క పూర్తయ్యేదాకా కూర్చోవడానికి పనికొస్తుంది!